స్వామి మొహం

గత మాఘమాసంలో మా బావగారు తాడేపల్లిగూడెంలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్నారు. బావగారంటే మా ఆవిడకు స్వయానా అన్నగారు. నేనూ మా ఆవిడా ఏలూరులో పొద్దున్నే రైలెక్కి, భీమడోలూ పూళ్ళా దాటుకుని, సత్యనారాయణ వ్రతం మొదలయ్యే వేళకు చేరుకున్నాం. వ్రతం అయింది. ఐదు కథలూ విన్నాం. భోజనాలయ్యాయి. ఇక మిగిలింది ఇల్లు చూడటం. కొత్తింటికి వెళ్ళిన చుట్టం గదిగదికీ తిరిగి, ప్రతి గదిలోనూ “చాలా బాగుందండీ” అని తీరాలి. స్నానాల గదిలో కూడా ఆ మాట అనవలసిరావడమే కాస్త ఇబ్బంది.

అలా తిరిగి తిరిగి హాల్లోకి వచ్చేసరికి, టీవీ పక్కన ఒక ఎత్తుపీట మీద నల్లటి వస్తువొకటి కనిపించింది. బోర్లించిన కడవంత ఉంది. దగ్గరికి వెళ్తే మొహం! ఆడమొహం. కొండలాంటి నుదురు. సగం మూసిన సన్నకళ్ళు. ఉందా లేదా అన్నంత చిన్న నోరు. నెత్తిమీద నాలుగైదు కట్లుగా ఎత్తి కట్టిన జడలు. మెడ నిండా ఒకదానికింద ఒకటిగా మడతలు. నల్లరాతికి నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. పైనుంచి దానికోసమే ఒక చిన్న దీపం కూడా అమర్చారు.

“షోపీసు మావయ్యా! ఫ్రీటౌన్లో కొన్నాను,” అన్నాడు మా బావగారి రెండోవాడు. వాడు నాలుగేళ్ళపాటు పశ్చిమాఫ్రికాలో, సియెర్రా లియోనులో, రేవు పనుల కంపెనీలో ఉద్యోగం చేసి నిరుడే తిరిగివచ్చాడు. అది మెండే జాతివారి చెక్కపనిట. డ్రాయింగు రూముల అలంకారానికని అమెరికావాళ్ళూ యూరపువాళ్ళూ ఎగబడి కొంటారట. వాడు ధర కూడా చెప్పబోతూ వాళ్ళ నాన్నవైపు చూసి మానుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు చేతికర్ర ఊతంగా వచ్చారు. ఆవిడకు ఎనభై దాటాయి. పుట్టిందీ పెరిగిందీ కొల్లేటి లంకల్లో. ఇంటినిండా ఇన్ని సామాన్లుండగా ఆవిడ తిన్నగా దాని ముందుకే వెళ్ళి నిలబడ్డారు.

“ఇదే అమ్మవారురా?” అన్నారు.

“అమ్మవారు కాదు మామ్మా! బొమ్మ. డెకరేషను.”

“బొమ్మైతే కళ్ళెందుకు మూసుకుంటుందిరా? బొమ్మలు మనకేసి చూస్తాయి. ఇది చూట్టంలేదు, ఏదో వింటోంది.”

అందరూ నవ్వారు. ఆవిడ ఆ నవ్వులు పట్టించుకోలేదు. వ్రతం పళ్ళెంలోంచి చిటికెడు కుంకం తీసి ఆ నల్లటి నుదుటిమీద బొట్టు పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మావాడు రుమాలు తీశాడు గాని, తుడవడానికి వాడికి కూడా చెయ్యి రాలేదు.

మొహాల విషయంలో నాకొక పాడు అలవాటుంది. ఎక్కడ ఏ మొహం తొడుగు కనిపించినా ముందు దాన్ని వెనక్కి తిప్పి లోపలివైపు చూస్తాను. ఎందుకో తరవాత చెబుతాను. ఆ మధ్యాహ్నం అందరూ తలో పక్కా నడుం వాల్చాక మెల్లగా వెళ్ళి ఆ నల్లావిడను రెండు చేతులా ఎత్తి బోర్లా పట్టుకున్నాను. లోపల కర్ర తెల్లగా ఉంది. ఉలి దెబ్బలు నిన్న పడ్డట్టే ఉన్నాయి. చెమట మరక లేదు. తల ఒరిసిన నునుపు లేదు. ఏ తలా దానిలోకి వెళ్ళిన జాడ లేదు.

ఏలూరు తిరిగివచ్చి పుస్తకాలు తిరగేస్తే గాని ఆ వస్తువు సంగతి నాకు పూర్తిగా తెలియలేదు. మెండేవాళ్ళలో ఆడవాళ్ళకు ‘సాండే’ అని ఒక రహస్య సంఘం ఉంది. ఈడొచ్చిన పిల్లలను ఊరికి దూరంగా తీసుకుపోయి, సంసారమూ మర్యాదా పాటా ఆటా నేర్పించి, పెద్దమనుషులను చేసి తిరిగి తెచ్చేది ఆ సంఘమే. ఆ సంఘదేవత ఊళ్ళోకి వచ్చినప్పుడు ధరించే శిరస్సు ఈ ‘సోవెయి’. ఆఫ్రికాలో మొహం తొడుగులు కట్టుకుని ఆడేది సాధారణంగా మగవాళ్ళు. ఇక్కడ మాత్రం చెక్కేది మగవాడు, ధరించేది ఆడది. తల పూర్తిగా లోపలికి పోతుంది. అంచు చుట్టూ వేసిన బెజ్జాలకు నల్లటి నారకుచ్చులు కట్టి, ఒంటిమీద అంగుళం చర్మం కనిపించకుండా కప్పేస్తారు. ఆ దేవత మాట్లాడదు. పక్కనున్న పరిచారిక ఆవిడ మనసు తెలిసి చెబుతుంది. ఒక్కొక్క మొహానికీ ఒక్కొక్క పేరుంటుంది.

మా మేనల్లుడి షోపీసుకు అంచున బెజ్జాలే లేవు. అంటే అమ్మకానికే చెక్కినదన్నమాట.

సిల్వియా ఆర్డిన్ బూన్ అనే ఆవిడ ఈ మొహాల మీద 1986లో ఒక గ్రంథం వేసింది. మెండే స్త్రీల దృష్టిలో సౌందర్యమంటే ఏమిటి అన్నదే దాని ప్రధాన విషయం. పెద్ద నుదురు బుద్ధికి గుర్తు. చిన్న నోరు అనవసరంగా మాట్లాడనితనానికి. మెడమీది మడతల దగ్గరికి వచ్చేసరికి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ మడతలు ఒంటి పుష్టికి గుర్తు అంటారట. మన కావ్యాల్లో నాయికను కంబుకంఠి అంటామే, శంఖంలాంటి మెడ మీద మూడు రేఖలు అంటామే, ఇరవై ఏళ్ళుగా క్లాసులో విసుగుపుట్టేలా నేను చెబుతున్నదీ అదే. ఇంకో అర్థం కూడా ఉంది. ఆ దేవత నీళ్ళలో ఉంటుంది. నిశ్చలంగా ఉన్న మడుగులోంచి ఆవిడ తల పైకెత్తినప్పుడు మెడ చుట్టూ వలయాలు వలయాలుగా లేచే నీటి అలలే ఆ మడతలట.

మా అత్తగారి పుట్టిల్లు కొల్లేటికోటకు దగ్గర లంక. బుడమేరూ తమ్మిలేరూ మోసుకొచ్చే నీళ్ళు కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. ఆ నీళ్ళ నడుమ కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మను జలదుర్గ అంటారు. ఫాల్గుణమాసంలో జాతర. ఆవిడ చిన్నతనంలో పడవ మీద తప్ప దారి లేదు. నీళ్ళలోంచి వచ్చే అమ్మవారిని ఎరిగిన మనిషి కనక మెడ చూసి పోల్చుకుందా అంటే, అంత మాట నేనను. కాకతాళీయమే కావచ్చు. కాని ఆ రోజు హాల్లో చదువుకున్నవాళ్ళం పదిమందిమి ఉన్నాం, సరిగ్గా చెప్పింది మాత్రం సంతకం చెయ్యడం తప్ప చదువు రాని ఆవిడ ఒక్కతే.

అయితే ఆ దేవతను గురించి అంతా మంచే చెప్పి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. సాండే దీక్షలో ఆడపిల్లల శరీరానికి కోతపెట్టే ఆచారం ఒకటుంది. దాన్ని ఇవాళ ఆ దేశపు స్త్రీలలోనే చాలామంది ఎదిరిస్తున్నారు. అందమైన ప్రతి వస్తువు వెనకా అందమైన చరిత్రే ఉంటుందని ఎవరు చెప్పారు?

ఇక అలంకారం సంగతి. దేవతను తెచ్చి టీవీ పక్కన పెట్టుకోవడం తప్పేనని మొదట నాకూ అనిపించింది. కాని బ్రిటిష్ మ్యూజియంలో ఒక సోవెయి ఉంది. దాన్ని 1886లో లండనులో జరిగిన వలసదేశాల ప్రదర్శనలో పెట్టారు. ఆ ప్రదర్శనలోనే మన దేశపు పనివాళ్ళను కూడా కూర్చోబెట్టి, వాళ్ళు పనిచేస్తుంటే జనానికి చూపించారు. అది వేరే కథ. ఆ సోవెయి నెత్తిమీద జడలతోపాటు తెల్లదొరలు పెట్టుకునే పొడుగుటోపీ ఒకటి చెక్కి ఉంది! మనవాడు వాళ్ళ దేవతను తెచ్చి బల్లమీద పెట్టుకున్నాడు. వాళ్ళు అంతకుముందే దొరగారి టోపీ తీసి దేవతకు అలంకారంగా పెట్టేశారు. ఒకరి పూజావస్తువు ఇంకొకరికి అలంకారం కావడం ఒకవైపు నుంచే జరిగే పని కాదు.

అమ్మకానికి చెక్కడం కూడా తప్పు కాదు. మన తెలంగాణలో చేర్యాల నకాషీ పనివారిని చూడండి. కూనపులివారివంటి కథకులు పద్మశాలీల ఇళ్ళముందు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పే రోజుల్లో ఆ పటాలు రాసిచ్చినది వీరే. కథ వినేవాళ్ళు తగ్గారు, చెప్పేవాళ్ళు తగ్గారు. పటం రాసేవాడి పొయ్యి మాత్రం రోజూ రగలాలి కదా! చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి, ఆ ముద్దతో మొహాలు తీర్చారు. కొన్నింటికి కొబ్బరిచిప్పే ఆధారం. తలపాగా చుట్టిన పెద్దమనిషీ, రూపాయంత బొట్టు పెట్టిన ముత్తైదువా ఇవాళ ఎన్ని ఇళ్ళ గోడల మీద లేరు! మా ఇంట్లోనూ ఒక జంట ఉంది. దాన్నీ తిప్పి చూశాను. లోపల ఏ తల మరకా లేదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా. గోడకోసం పుట్టి గోడమీద బతుకుతున్నాయి. ఫ్రీటౌను సంతలో బెజ్జాలు వెయ్యకుండా చెక్కి అమ్మినవాడూ అలాంటివాడే. దేవతను తన ఊళ్ళోనే ఉంచుకుని ఆవిడ పోలికను మాత్రం అమ్మాడు. వాడు చేసినపాటి జాగ్రత్త నేను చెయ్యలేకపోయాను.

తెలుగులో మాస్కును ముసుగు అనేస్తున్నాం. ముసుగంటే కప్పేది, దాచేది. నాట్యశాస్త్రంలో భరతుడు ఆహార్యాభినయం చెబుతూ వాడిన మాట ప్రతిశీర్షకం, అంటే బదులు తల. గుడ్డకు మారేడు గుజ్జు పట్టించి దాన్ని తయారుచెయ్యాలనీ, మరీ మందంగానూ మరీ పలచగానూ ఉండకూడదనీ చెప్పాడు. మా ఇంట్లో మాత్రం రెండు మాటలూ లేవు. ‘స్వామి మొహం’ అనేవారు.

మాది కూడా కొల్లేటి పక్క ఊరే. వైశాఖ శుద్ధ చతుర్దశి, నృసింహ జయంతి రాత్రి మా ఊళ్ళో ప్రహ్లాద నాటకం ఆడేవారు. నరసింహస్వామి వేషం మా తాతగారిది, ఆయన తరవాత మా నాన్నగారిది. ఆ మొహం పొణికి చెక్కతో చేసినది. కొండపల్లి బొమ్మలు చేస్తారే, ఆ తేలిక కర్ర. పసుపూ ఎరుపూ రంగులు, జనపనార జూలు, రెండు కోరలు. ఎడమ కోర ఒకసారి విరిగితే నాన్నగారే పొట్టూ జిగురూ కలిపి అతికించారు. అది కాస్త వంకరగా కుదిరింది. ఏడాది పొడుగునా అటకమీద చెక్కపెట్టెలో పాత పట్టుగుడ్డ చుట్టి ఉండేది. శనివారం శనివారం పెట్టెకు ధూపం వేసేవారు. జయంతినాడు నాన్నగారు పగలల్లా ఉపవాసం. మొహం తొడుక్కున్నాక అద్దంలో చూసుకోకూడదని నియమం. ఆవేశం వస్తే పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు ఆయన నడుముకు కట్టిన తువ్వాలు కొసలు పట్టుకుని వెనకాలే ఉండేవారు.

ఇదంతా మా ఊరి మూఢత్వమని ఒక వయసులో అనుకున్నాను. తంజావూరు జిల్లా మేలట్టూరులో త్యాగరాజస్వామికి సమకాలికుడైన వెంకటరామశాస్త్రిగారు తెలుగులో రాసిన ప్రహ్లాద చరిత్రం ఇప్పటికీ ఏటా నృసింహ జయంతికి ఆడతారు. అక్కడి నరసింహస్వామి మొహానికి గుళ్ళో పూజ జరుగుతుంది. వేషం కట్టేవారు ఉపవాసం ఉంటారు. ఆవేశం వచ్చినప్పుడు వారినీ మనుషులు పట్టుకుంటారు. నేను 2018లో వెళ్ళి చూశాను. తమిళ దేశంలో, అర్ధరాత్రి దాటాక, గుడిముందు కూర్చుని తెలుగు వింటూ, ఇది చూడటానికి ఇంత దూరం రావలసిన అవసరం ఒకప్పుడు నాకు లేదు కదా అనుకున్నాను.

1989లో, నా తొమ్మిదో ఏట, ప్రహ్లాదుడు వేసే కుర్రాడికి జ్వరం వస్తే నన్ను కూర్చోబెట్టారు. రెండు పెట్రోమాక్సు దీపాలు. తడికకు కాయితాలు అంటించిన స్తంభం. తెల్లవారుజామున స్తంభం చీల్చుకుని స్వామి వచ్చాడు. ఆడవాళ్ళు హారతులు పట్టుకుని లేచి నిలబడ్డారు. నా కాళ్ళు నిజంగానే వణికాయి. హిరణ్యకశిపుడి వధ అయ్యాక నన్ను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఆ మొహానికి చెక్కిన కళ్ళు చూడవు. తొడుక్కున్న మనిషి చూసేది తెరిచిన నోట్లోంచి. నేను తలెత్తి చూస్తే, కోరల మధ్య, ఆ చీకటి లోపల, మా నాన్నగారి కళ్ళు కనిపించాయి. ధారలు కడుతున్న చెమట, పొణికి కర్ర వాసన, ఎగశ్వాస. ఏం దీవిస్తాడో స్వామి అని నేను చూస్తుంటే, మెల్లగా, “కాలు తియ్యరా, పంచె ఊడిపోతోంది,” అన్నారు.

ఆ తరవాత నాటకం ఆడలేదు. హిరణ్యకశిపుడు చేపల చెరువులు తవ్వించాడు. నారదుడు బీమవరంలో కొట్టు పెట్టాడు. 2006లో కొల్లేట్లో చెరువు గట్లు కొట్టినప్పుడు ఊరు ఊరంతా గోడుగోడుమంది. ఆ గొడవల్లో నాటకం పేరెత్తినవాడు లేడు. నాన్నగారు 2011లో పోయారు.

2013లో ఏలూరులో ఫ్లాటు కొనుక్కున్నాం. ఫ్లాటుకు అటక ఉండదు. ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తూంటే, పాత ద్వారబంధాలూ స్తంభాలూ ఇత్తడి గంగాళాలూ కొనే వ్యాపారి ఒకడు వచ్చాడు. మాటల్లో పెట్టె తెరిచాను. అతను ఎనిమిదివేలు అన్నాడు. డబ్బు అవసరమై ఇచ్చానని చెప్పుకుంటే నాకు హాయిగా ఉండేది. అవసరం లేదు. ‘ఎక్కడ పెడతాం, చెదలు పట్టిపోతుంది, కళ తెలిసినవాడి దగ్గర పదిలంగా ఉంటుంది’ అనుకున్నాను. ఎం.ఏ. చదివినవాడికి ఇలాంటి కారణాలు చప్పున దొరుకుతాయి. మా ఆవిడ ఒక్కమాటే అంది: “మావయ్యగారుంటే ఇచ్చేవారా?” నేను జవాబు చెప్పలేదు.

మూడేళ్ళకు, ఒక నగరంలో, ఒక పెద్ద హోటల్లో పెళ్ళి రిసెప్షనుకు వెళ్ళాను. లిఫ్టుల పక్క గోడమీద, దీపం కింద, స్వామి ఉన్నాడు. రంగు కొత్తగా వేశారు. జూలు తీసేశారు. కింద ఇత్తడి రేకుమీద ‘గిరిజన ముసుగు, ఒరిస్సా’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఎడమ కోర వంకర మాత్రం అలాగే ఉంది. వెనకవైపు ఒక్కసారి చూడాలనిపించి చెయ్యి చాపాను. నాన్నగారి నుదురు ఆనిన చోట చందనమూ చెమటా కలిసి నల్లగా ఒక మచ్చ ఉండాలి. యూనిఫారంలో ఉన్న కుర్రాడొకడు పరుగున వచ్చి, “సార్, ముట్టుకోకూడదండి,” అన్నాడు. ఎంతో మర్యాదగానే అన్నాడు. మేనేజరును కలిసి, అమ్ముతారా అని అడిగాను. అమ్మరన్నారు. మరుసటేడు మళ్ళీ వెళితే ఆ గోడ పడగొట్టి అక్కడ అద్దాలు పెట్టారు. మొహం ఎటు పోయిందో చెప్పగలవారు లేరు.

ఇంతకీ గృహప్రవేశంనాడు సాయంత్రం బయలుదేరేటప్పుడు జరిగిన సంగతి ఇందాక దాటవేశాను. అత్తగారికి నమస్కారం పెడితే, ఆవిడ నల్లమ్మ వైపు చూపించి, దాని ముందు చెంబుడు నీళ్ళు పెట్టమని మనవడికి చెప్పానన్నారు. తరవాత, “మీ ఇంట్లో స్వామి మొహం ఉండేదిగా బాబూ! నా పెళ్ళైన కొత్తలో మీ తాతగారు కట్టగా చూశాను. జాగ్రత్తగా ఉందా?” అన్నారు.

మా ఆవిడ నా మొహంలోకి చూసింది.

“ఉందండీ. అటకమీద ఉంది,” అన్నాను.

“ఈ వైశాఖంలో కిందికి దింపండి. నేనొస్తాను. ఇంకెన్నాళ్ళుంటానో, ఒక్కసారి కళ్ళకద్దుకుంటాను.”

తిరుగు రైల్లో భీమడోలు దాటేదాకా మా ఆవిడ మాట్లాడలేదు. దాటాక కూడా, “చెప్పేయండి,” అని ఊరుకుంది. ఇది నెలక్రితం మాట. రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ కాలి నొప్పుల సంగతి మాట్లాడి పెట్టేశాను.

మా అత్తగారికి చదువు రాదు గాని ఈ పత్రికలో వచ్చే సీరియలు ఒక్క వారం తప్పనివ్వరు. మా బావగారి పెద్దకోడలు మధ్యాహ్నం పూట పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది. సీరియలు అయ్యాక ఇది కూడా చదవమని, మధ్యలో ఆపవద్దని, ఆ పిల్లకు కబురు చేశాను.